దుప్పటి కింద రాసిన రిపోర్టులు

డెబ్బై ఒకటి యుద్ధంలో శత్రు విమానం భిలాయి మీదికి వచ్చినప్పుడు మా క్యాంప్ 2 బస్తీ జనాన్నంతా కందకాల్లోకి దింపి ప్రాణాలు కాపాడినవాణ్ణి నేనే. ఈ సంగతి మీకు తెలియకపోవచ్చు. మా ఇంట్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఉక్కు ప్లాంటులో నాతో షిఫ్టు చేసినవాళ్లకి మరీ బాగా తెలుసు. టిఫిన్ డబ్బా మూత తీసేపాటి వ్యవధి దొరికితే చాలు, చెప్పేవాణ్ణి. చివరికి వాళ్లలో కొందరు ఆ విమానాన్ని తామూ చూశామని చెప్పడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు. సాక్షులుంటే మంచిదేగా.

ఇందులో ఎంత నిలుస్తుందో తర్వాత చూద్దాం. ముందు ఈ పాత కాగితాల జోలికి నేనెలా వెళ్లానో చెబుతాను.

మా టౌన్‌షిప్‌లో పిల్లలు తగ్గిపోయి మూతపడ్డ ఒక పాత బడి ఉంది. అందులో రెండు గదుల్ని ఊరి పాత రికార్డులు దాచే చోటుగా మార్చారు. జీతమిచ్చి పని చేయించుకునే స్తోమత ఆ గదులకి లేదు. అందుకని రిటైరైనవాళ్లమే వెళ్లి దుమ్ము పీల్చి వస్తుంటాం. మా అందరి మీదా అజమాయిషీ దీదీది. బడి లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. నాకంటే చాలా చిన్నది, నన్ను బాబాయ్ అంటుంది. అయినా అందరితోపాటు నేనూ ఆవిణ్ణి దీదీ అనే పిలుస్తాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తే ఎంత వయసువాడికైనా హోంవర్కు చెయ్యలేదని గుర్తొస్తుంది. అమ్మానాన్నలది విజయనగరం దగ్గర పల్లె. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు గలగలా మాట్లాడుతుంది, మధ్యమధ్యలో హిందీ వచ్చి కూర్చుంటుంది. తెలుగు చదవడం మాత్రం రాదు.

కిందటేడు ఏదో పాత గోడౌను ఖాళీ చేస్తుంటే కొన్ని రేకు ట్రంకులు బయటపడ్డాయి. యుద్ధం రోజుల పౌర రక్షణ సామాను. ఇనుప టోపీలు, చేతికి కట్టుకునే పట్టీలు, ఈలలు, దీపాలెప్పుడు ఆర్పాలో చెప్పే ఉత్తర్వులు, వీధి వార్డెన్లు రోజూ రాసిచ్చిన రిపోర్టులు. హిందీవీ ఇంగ్లీషువీ దీదీవాళ్లు వానలు వెళ్లేలోపు తేల్చేశారు. ఒక్క కట్ట అలాగే మిగిలిపోయింది. అది తెలుగు. తెలుగు చదివే ముసలివాడెవరైనా ఖాళీగా ఉంటే పంపమని కబురొచ్చింది. ముసలితనం, ఖాళీ, రెండూ నా దగ్గర పుష్కలం.

కట్ట విప్పగానే అక్షరాలు గుర్తుపట్టాను. మా బావవి. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఆయన మా అప్ప మొగుడు. ప్లాంటులో రిగ్గరు, అంటే బరువులకి గొలుసులు కట్టి క్రేను చేత ఎత్తించే పని. యుద్ధం రోజుల్లో క్యాంప్ 2లో మా వీధికి ఆయనే వార్డెను. పోయి చాలా ఏళ్లైంది.

పని ఇలా సాగేది. పక్క ఊరు ఉతై నుంచి స్కూటర్ మీద ఒకాయన వస్తాడు, ప్లాంటులో ఫిట్టరుగా చేసినవాడు. ఉతై భయ్యా అంటాం. ఛత్తీస్‌గఢీ మనిషే గాని సర్వీసంతా తెలుగువాళ్ల మధ్య గడిచింది కాబట్టి తిట్లతో సహా తెలుగంతా అర్థమవుతుంది. ఆయన కాగితాలకున్న తుప్పు గుండుసూదులు ఒడుపుగా పీకి టీ గ్లాసులో వేసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి కాగితం నా ముందు పెట్టేవాడు. నేను పైకి చదివేవాణ్ణి. దీదీ విని అట్టకార్డు మీద హిందీలో పెన్సిలుతో రాసుకునేది. పెన్సిలెందుకని నేనడగలేదు. సిరా ఆదా అనుకున్నాను.

మొదటి కాగితం చదివాను. "సాయంత్రము వీధి తిరిగితిని. దీపములన్నియు ఆర్పించితిని. ఏ విశేషమును లేదు." కింద సంతకం.

రెండోది తీశాను. సాయంత్రము వీధి తిరిగితిని. దీపములన్నియు ఆర్పించితిని. ఏ విశేషమును లేదు.

మూడోదీ అంతే. బావ ఊళ్లో చదివిన బడి భాష అది, దాన్నే జాగ్రత్తగా వాడుకున్నాడు. మాట్లాడ్డంలోనూ అంతే. నేను ఆయనింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కున్న కాలమంతా ఆయన నాతో ఆడిన మాటలు "తిన్నావా", "పడుకో". కానీ నా ఎదురుగా దీదీ పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఉతై భయ్యా బ్రష్షు ఆపి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. యుద్ధం కదా, ఏదో ఉంటుందని వాళ్ల ఆశ. వాళ్లని నిరాశపరచడానికి నాకు మనసొప్పలేదు.

నాలుగో కాగితంలో ఒక కుక్కని పెట్టాను. చీకట్లో వార్డెను కాలు కుక్క మీద పడింది, అది అరిచింది, వీధంతా ఉలిక్కిపడింది. దీదీ నవ్వింది, రాసుకుంది. ఐదో దాంట్లో ఎవరో దొంగచాటుగా బీడీ వెలిగించారు. ఆ తర్వాత కాగితంలో నేనే ప్రవేశించాను. "నా బావమరిది ధైర్యసాహసములు మిక్కిలి మెచ్చదగినవి." బావ భాషలోనే చెప్పాను, గొంతు కూడా కాస్త బరువుగా మార్చాను.

"ఫిర్ క్యా హువా, భయ్యా?" అన్నాడు ఉతై భయ్యా.

అలా అడిగేవాడుంటే ఆగేవాడెవడు? విమానం వచ్చేసింది. దుర్గ్ వైపు నుంచి, తక్కువ ఎత్తులో, గుడిసెల పైకప్పులు వణికేలా. ఆ కాగితం మీద ఉన్నవి మూడు వాక్యాలు. నేను చదవడం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయింది.

"బహుత్ అచ్ఛా బాబాయ్," అంది దీదీ, కార్డు పక్కన పెడుతూ. "వచ్చేవారం ఇదే కట్ట మళ్లీ ఒకసారి చదివి వినిపించండి."

నా గొంతు ఆవిడకి అంత నచ్చిందని పొంగిపోయాను. రెండోసారి మరింత రసవత్తరంగా చదివాను. ఆవిడ మళ్లీ రాసుకుంది. వచ్చే ఆదివారం ట్రంకుల్లో సామానంతా బల్లల మీద పరిచి ఆనాటి వార్డెన్ల కుటుంబాలని పిలుస్తామనీ, కార్డులు అప్పటికి పక్కా చేసి కాగితాల పక్కన పెడతామనీ చెప్పింది. "మీ సిస్టర్‌ని తప్పకుండా తీసుకురండి," అంది.

అప్ప ఇప్పటికీ క్యాంప్ 2లోనే ఉంటుంది, అదే వీధిలో. గుడిసె పోయి డాబా వచ్చింది, అంతే. కొడుకూ కోడలూ ఆవిడతోనే ఉంటారు. మోకాళ్లు అరిగాయిగాని నాలుక అరగలేదు. నేను వెళ్లేసరికి వాకిట్లో ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. విషయం చెప్పాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏటీ? ఆయన రాసిన కాయితాలా? ఇంకా ఉన్నాయేటి?"

"కట్టంత ఉన్నాయి అప్పా."

"అప్పుట్లో రాత్తుంటే నాకు అగుపించేది కాదురా," అంది. "దీపం ఎలిగించకూడదు కదా. ఊరందరికీ సెప్పినోడు ఇంట్లో ఎలా ఎలిగిస్తాడు? దుప్పటి నిండా కప్పుకొని లోపల బేటరీ లైటు పెట్టుకొని రాసీవోడు. దుప్పటి ఒకటీ మిణుకుమిణుకుమనేది. ఏటి రాసినావని అడిగితే, ఏటీ నేదు పడుకో అనీవోడు."

చిక్కుడుకాయని అటూ ఇటూ తిప్పింది. అప్పకి చదువు రాదు. ఆ కాగితాలు అప్పుడామె చేతికొచ్చినా ఉపయోగముండేది కాదు.

"ఒరే," అంది, "అన్నీ రాసినాడేటి?"

"అన్నీ అంటే?"

"జరిగినవన్నీ. ఈదిలో ఎవులేటి సేసినారో, ఎవులు తప్పు సేసినారో. వార్డెనంటే అన్నీ రాసి పెట్టాల కదా. ఆయన అబద్దం రాసీ మనిషి కాదు."

ఆ గొంతు నాకు కొత్తగా ఉంది. అప్ప దేనికీ అలా నెమ్మదిగా మాట్లాడదు.

"ఆదోరం నన్ను తీసుకెల్లు," అంది. "ఆయన మాట ఆయన రాసినట్టే ఇనాల. ఒక్క పాలి ఇనేస్తే సాలు. నీ పైత్యం కలిపినావంటే ఊరుకోను, ఇప్పుడే సెప్తన్నాను."

ఇంటికి నడుస్తుంటే దొరికిపోతానన్న భయం ఉంది, లేదనను. బావ నా ధైర్యసాహసాలు మెచ్చుకున్నాడని వింటే అప్ప అక్కడికక్కడే లేచి నా చెవి పట్టుకుంటుంది. కానీ అది నాకు కొత్త కాదు. నన్ను తొలిచేసింది మరొకటి. బావకి ఫోటోలే రెండో మూడో ఉన్నాయి, అందులో ఒకదాంట్లో కళ్లు మూసుకున్నాడు. గొంతు ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఆ కాగితాలు, ఆ మూడేసి వాక్యాలు. ఆ మాటల కోసం అప్ప ఇన్నేళ్లూ దుప్పటి బయట కూర్చుంది. నేను వాటి మీద నా కుక్కనీ బీడీనీ విమానాన్నీ ఎక్కించేశాను. ఆదివారం పక్కా కార్డులో బావ పేరు మీద ఉండేది నా కూత.

శనివారం పొద్దున్నే బడికి వెళ్లాను. దీదీ బల్ల తుడుస్తోంది. ఉతై భయ్యా ఇనుప టోపీలకి గుడ్డ పెట్టి రుద్దుతున్నాడు.

"దీదీ, ఒక మాట," అన్నాను. "ఆ తెలుగు కార్డులున్నాయే. వాటిల్లో..."

"ఊఁ?"

"కొంచెం ఎక్కువ పడింది."

"ఎంత?"

"కుక్క లేదు."

ఆవిడ గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"బీడీ కూడా లేదు. బావమరిది లేడు." గుక్క తిప్పుకున్నాను. "విమానమూ లేదు. అసలు భిలాయి మీదికి ఏ విమానమూ రాలేదు నాకు తెలిసి. నేను చదివినదాంట్లో 'దీపములన్నియు ఆర్పించితిని' వరకే బావది. మిగతాదంతా నాది. రేపు మా అప్ప వస్తోంది దీదీ. ఆ కార్డులు పెట్టకండి, మీకు దండం పెడతాను."

ఉతై భయ్యా టోపీ రుద్దడం మానేశాడు. దీదీ వెళ్లి బీరువా తీసి కార్డుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ పెన్సిలే. ఒక్కో కార్డు మీద నిలువుగా గీత, గీతకి రెండు పక్కలా రాత.

"ఇది ఫస్ట్ టైం చదివింది. ఇది సెకండ్ టైం," అంది. "మాకు కాయిదా అదే, బాబాయ్. మేము చదవలేని భాషైతే రెండు వేరే వేరే రోజులు చదివిస్తాం. రెండూ కలిస్తేనే పెన్ను. కలవకపోతే పెన్సిలే ఉంటుంది, కొట్టేస్తాం." వేలు గీతకి ఎడమ పక్క పెట్టింది. "ఫస్ట్ టైం విమానం ఒకటి, దుర్గ్ సైడ్ నుంచి." వేలు కుడి పక్కకి జరిపింది. "సెకండ్ టైం రెండు. భిలాయి-3 స్టేషన్ మీద నుంచి."

"తీస్రీ బార్ పఢ్తే తో పూరా ఫౌజ్ ఉతర్ జాతా, భయ్యా," అన్నాడు ఉతై భయ్యా, టోపీ తన నెత్తిన పెట్టుకుంటూ. మూడోసారి చదివుంటే సైన్యమంతా దిగిపోయేదట.

నా గొంతు నాకు నచ్చినంతగా ఆవిడకి నచ్చలేదని అప్పుడు తెలిసింది. కానీ నిజం చెప్పొద్దూ, కుర్చీలో కూలబడి హాయిగా నవ్వాను. ఒంట్లోంచి ఏదో బస్తా దించినట్టుంది. సిరా ఎక్కడా పడలేదు.

"మరి అప్పుడే అనొచ్చు కదా!"

"అంటే మీకు కోపం వచ్చి రావడం మానేస్తారు. మళ్లీ తెలుగు చదివేవాళ్లని నేనెక్కడ వెతకాలి?" అంది. "ఔర్ ఏక్ బాత్. మీకే సిగ్గేస్తుందేమో, చూద్దామనుకున్నా. వేసింది. చలో, ఇప్పుడు కాగితం మీద ఉన్నదే చదవండి."

మొదటి కాగితం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పెద్దగా టైము పట్టలేదు. తిరిగితిని, ఆర్పించితిని, విశేషము లేదు. తిరిగితిని, ఆర్పించితిని, విశేషము లేదు. అలా వెళ్లి వెళ్లి ఒక కాగితం దగ్గర ఆగిపోయాను. ముందు చదివిన రెండుసార్లూ నా విమానం హడావుడిలో పడి ఆ తేదీ సంగతి పట్టించుకోలేదు. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు నిజంగానే విశేషం ఉంది.

దీదీ కళ్లజోడు సర్దుకుంది. "మళ్లీ విమానమా?"

"కాదు దీదీ, ఇది నిజం," అని చెప్పడం మొదలుపెట్టాను.

అప్పటికి నేను ఊరి నుంచి వచ్చి కొద్ది రోజులే అయింది. పద్దెనిమిదేళ్ల వాణ్ణి, రైలు దిగినప్పటి జిడ్డు కూడా ఇంకా వదల్లేదు. డిసెంబరు చలి. సందె పడేలోపు వంటలైపోవాలి, వాకిట్లో సిగ్డీలు, అదే బొగ్గు కుంపట్లు, లోపలికి వెళ్లిపోవాలి. కిటికీలకి బావ ఆఫీసు నుంచి వాడేసిన కార్బన్ కాగితాలు తెచ్చాడు. అప్ప వాటిని మైదా ఉడికించి అతికించింది, ఆ నీలం ఆవిడ అరచేతుల్ని చాలా రోజులు వదల్లేదు. వీధి మధ్యలో నడుము లోతు కందకం తవ్వారు. ఈల ముక్కలు ముక్కలుగా ఊదితే అందరూ అందులోకి దిగాలి, పొడుగ్గా ఊదితే బయటికి రావాలి.

ఆ సాయంత్రం బావ షిఫ్టు నుంచి వచ్చి దొడ్లో స్నానం చేస్తున్నాడు. పట్టీ, ఈల గోడ మేకుకి వేలాడుతున్నాయి. అప్పుడు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది. ప్లాంటు వైపు సగం ఆకాశం మండిపోతోంది.

అది స్లాగ్. ఫర్నేసులో ఇనుము కరిగాక పైన తేలే మడ్డి. దాన్ని కుండల బళ్లలో తీసుకెళ్లి గట్టు మీద నుంచి పారబోస్తారు. నిప్పులా ఉంటుంది కదా, ఆకాశమంతా వెలుగుతుంది. ఆ రోజుల్లో చీకటి పడ్డాక పొయ్యకుండా చూసేవారంటారు. ఆ సాయంత్రం ఎందుకు పోశారో తెలియదు. భిలాయిలో పుట్టినవాళ్లకి అది పున్నమి వెన్నెలతో సమానం, ఆ వెలుగులో బియ్యంలో రాళ్లేరుకునేవాళ్లు కూడా ఉన్నారు. నేను పుట్టిన చోట సందె తర్వాత కనిపించేవి చుక్కలే. నాకు అది బాంబు.

"మేకు మీద ఈల లాగి ఊదేశాను దీదీ. ముక్కలు ముక్కలుగా. వీధంతా కందకంలోకి దూకింది. ఒకావిడ ఉడుకుతున్న గంజి గిన్నెతో సహా దూకింది. కోళ్లు కూడా దిగాయి. బావ నెత్తి మీద సబ్బు నురగతో తువ్వాలు చుట్టుకుని వచ్చి ఆకాశం కేసి చూశాడు. ఈల తీసుకుని పొడుగ్గా ఊదాడు. అంతే. విమానం లేదు, క్యాంప్ 2 మొత్తం లేదు, మా వీధి ఒక్కటే. తప్పుడు ఈల ఊదడం అంటే వార్డెనుకి పెద్ద మాటొస్తుంది, రిపోర్టు రాయాల్సిందే. మరి చూడండి ఇక్కడ ఏం రాశాడో."

కాగితం ఆవిడ వైపు తిప్పాను, చదవలేదని తెలిసీ. ఏ విశేషమును లేదు.

"నన్ను వెనకేసుకొచ్చాడు," అన్నాను. "నాకిప్పటిదాకా తెలీదు."

రేపే ఆదివారం కదా, రెండో రోజు దాకా ఆగకుండా నా చేత అక్కడే ఇంకోసారి చదివించి, దీదీ ఆ కార్డు మీద మొదటిసారి పెన్ను పెట్టింది. కాగితం మీదున్న మూడు వాక్యాలే రాసింది. నా ఈల సంగతి మాత్రం పక్కన పెన్సిలుతో, చిన్నగా రాసి ఉంచింది.

ఆదివారం అప్ప జరీ అంచు చీర కట్టి, పైన స్వెట్టరు వేసుకుని వచ్చింది. బడి బల్లలు చిన్నపిల్లలవి, ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవని ఉతై భయ్యా ఎక్కడినుంచో చేతుల కుర్చీ తెచ్చి ముందు వరసలో వేశాడు. ఇంకొన్ని కుటుంబాలొచ్చాయి. బల్ల మీద బావ పట్టీ ఉంది. ముట్టుకోకూడదని రాసిన బోర్డు అప్ప చదవలేదు కదా, ముట్టుకుంది. దీదీ చూసీ చూడనట్టు అటు తిరిగింది.

నేను లేచి చదవడం మొదలుపెట్టాను. ఈసారి గొంతు మార్చలేదు.

మొదటి కాగితానికి అప్ప కదల్లేదు. రెండో దానికి పెదవులు బిగించింది. మూడో దానికి, నాలుగో దానికి వెనక వరసల్లో పిల్లలు నాతోపాటు "ఏ విశేషమును లేదు" అనడం మొదలెట్టారు. పెద్దవాళ్లు నవ్వారు. అప్ప మాత్రం నవ్వలేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని, నేను తిప్పే ఒక్కో కాగితాన్నీ చూస్తోంది. నాకు సబ్బు నురగ సాయంత్రం గుర్తొచ్చిన కాగితం వచ్చింది. తేదీ చెప్పి చదివాను.

"ఉండు," అంది అప్ప చెయ్యెత్తి. "మల్లీ సదువు."

"సాయంత్రము వీధి తిరిగితిని. దీపములన్నియు ఆర్పించితిని. ఏ విశేషమును లేదు."

"అది స్లాగు పోసిన రోజుదేనా?"

"ఆ రోజుదే అప్పా."

"కింద ఇంకేటీ నేదా? ఎనక పక్క సూసినావేటి?"

వెనక్కి తిప్పి చూపించాను. ఖాళీ. "ఏటీ నేదు. సంతకం, అంతే."

అప్ప కుర్చీలో వెనక్కి వాలింది. అన్నేళ్ల ఊపిరి వదిలినట్టు వదిలింది. కొంగుతో మొహం అంతా ఒకసారి తుడుచుకుంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, పళ్లు లేని నోటితో, భుజాలు కదిలిపోయేలా.

"ఓరి నీ యమ్మ కడుపు కాల," అంది, మాతో కాదు, బల్ల మీద పట్టీతో. "దుప్పటి కింద దూరి ఇదేనేటి రాసినావు! నాను ఇన్నాళ్లూ ఏటేటో అనుకొని సచ్చినాను కదరా!"

ఆవిడ ఏమనుకుందో నాకు అర్థం కాలేదు. నా కోసం భయపడి ఉంటుందనుకున్నాను. తమ్ముడి తప్పు మొగుడి చేతి రాతలో ఎక్కి ఉంటుందని ఇన్నేళ్లు బెంగపడ్డ అప్ప! నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఇక ఆగలేదు. సభ వైపు తిరిగి, ఇన్నేళ్లూ నేను చెప్పిన విమానం కథ అబద్ధమని ఒప్పుకున్నాను. రైలు దిగిన పల్లెటూరి కుర్రాణ్ణి, స్లాగ్ వెలుగు చూసి బాంబనుకుని మేకు మీద ఈల లాగి ఊదింది నేనేనని, నా తెలివితక్కువ వల్ల వీధంతా కందకంలో పడిందని, అయినా బావ నా పేరు బయటపెట్టలేదని చెప్పాను. బాగా చెప్పాను. ఒప్పుకోవడంలోనూ ఒక గొప్ప ఉంటుంది, నాకు తెలుసు. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఉతై భయ్యా "వాహ్ భయ్యా" అన్నాడు. దీదీ కార్డు తీసింది, రెండు రోజులూ ఒకేలా చెప్పిన నా ఈల సంగతి పెన్సిలు నుంచి పెన్నుకి ఎక్కించడానికి క్యాపు విప్పింది.

"ఆగు తల్లీ," అంది అప్ప. "ఈడు ఊదడమేటి? ఊదింది నాను. స్లాగురా అని అరుత్తున్నా ఇనకుండా ఈడు ఎటో పారిపోనాడు. గుడిసెల సందుల్లో ఎక్కడని ఎతుకుతాను? మా అమ్మ నన్ను నమ్మి పంపింది ఈడిని, నూతిలో గాని పడ్డాడేటోనని ఈల తీసి పిలిసినాను. ముక్కలుగా ఊదకూడదని ఆ కంగార్లో నాకేటి తెలుసు? మా ఆయన పట్టీ ఊడిపోద్దని, పేరు పోద్దని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, ఈడు తనే ఊదినానంటే పోన్లే అనుకున్నాను. ఇప్పుడు భయమేటి, ఆయనే రాసీసినాడు కదా ఏటీ నేదని. ఈల ఊదినపుడు ఈడు మంచం కిందున్నాడు, బియ్యం డబ్బా ఎనక. కాళ్లు పట్టుకొని నానే లాగినాను. రాసుకో. పెన్నుతో రాసుకో."